బిస్కెట్ డబ్బా మూత

మా లిఫ్టులో కొత్త నోటీసు అంటించారు. మలయ్‌లో ఒకసారి, ఇంగ్లీషులో ఒకసారి, చైనీసులో ఒకసారి రాశారు గానీ విషయం ఒక్కటే. వచ్చే ఆదివారం నుంచి బాల్కనీల్లో బొగ్గుల మీద వంట చెయ్యకూడదట. ఇన్ని వందల ఫ్లాట్లున్న ఈ భవనంలో బొగ్గుల మీద వంట చేసేది నేనొక్కదాన్నే. నా పేరు రాయకపోవడం వాళ్ళ మర్యాద. నేను నోటీసు చదువుతున్నంతసేపూ పక్కింటి చైనీసావిడ నావైపు తిరక్కుండా అంతస్తుల అంకెలే చూస్తూ నిలబడింది. పాపం, ఆవిడ తప్పేం లేదు. ప్రతి శనివారం ఆవిడ ఆరేసుకున్న దుప్పట్ల మీదికే వెళ్తోంది నా పొగంతా.

ఆ కుంపటి నేను కొనుక్కున్నది కాదు. మట్టిది. అంచు ఒకచోట పగిలితే సిమెంటు పూసి అతికించిన గుర్తుంటుంది. దాని మీదకి ఒక బిస్కెట్ డబ్బా రేకు మూత. ముప్ఫై ఎనిమిదేళ్ళొచ్చినా పెళ్ళి ఊసెత్తని నేను తన గుండెల మీద కుంపటినని మా అమ్మ విజయనగరంలో కనిపించినవాళ్ళందరికీ చెప్పుకుంటుంది. ఆ కుంపటి ఇంకో కుంపటిని ముందేసుకుని సైబర్‌జయలో పద్నాలుగో అంతస్తులో కూర్చుందని ఆవిడకింకా తెలీదు.

ఈ కుంపటి గల మనిషి పేరు నేనెప్పుడూ అడగలేదు. నేను పెద్దమ్మా అన్నాను, ఆవిడ మా వైపు ఆడపిల్లల్ని పిలిచినట్టే గుంటా అంది, మా ఇద్దరికీ ఆ పిలుపులు సరిపోయాయి. ఆవిడ బొగ్గుల మీద మీగోరెంగ్ చేసేది. పసుపుపచ్చటి లావు నూడుల్సుని ఎండుమిరపకాయల ముద్దలో వేయించే తిండి అది, ఈ దేశంలో సందుకొకరు చేస్తారు. ఆవిడ చేతి పళ్ళెం ఇంకొక్కటి తినాలని నాకు కోరిక. ఆవిడ పోయింది కాబట్టి ఆ కోరిక తీరదని సులువుగా చెప్పేయొచ్చు. కానీ అసలు సంగతి అది కాదు. ఆవిడ బతికున్న చివరి ఎనిమిది నెలలూ, వారానికోసారి ఎదురుగా వెళ్ళి నిలబడి కూడా, నేనా పళ్ళాన్ని పోగొట్టుకుంటూ వచ్చాను. నా నోటితో నేనే పోగొట్టుకున్నాను.

మా ఆఫీసుల అద్దాల మేడలు అయిపోయాక ఒక పామాయిల్ తోట అంచున మట్టిరోడ్డుంది. టోల్‌గేటు తప్పించుకుందామని ఒకసారి అటు మళ్ళాను. రేకుల కప్పు కింద రెండు కొట్లు కనిపించాయి. ఒకటి టీ కొట్టు, దాని మనిషి నెత్తిన తెల్ల టోపీ పెట్టుకున్న ముసలి మలయ్ ఆయన. రెండోది ఆవిడది. బండలా నల్లబడ్డ ఇనప మూకుడు, పక్కన గిన్నెలు, వెనక ఒక పొట్టి మనిషి. పూలపూల నైటీ మీద మగవాళ్ళ చొక్కా తొడుక్కుని, పైన కొంగు లేదు కాబట్టి ఒక తువ్వాలు వేసుకుంది. డెబ్భై ఏళ్ళుంటాయి. అప్పుడు నేను ఫోనులో మా అమ్మతో తెలుగులో వాదించుకుంటున్నాను. వాదన ఆపకుండానే ఆవిడ వైపు తిరిగి, ఒక మీగోరెంగ్, కారం తక్కువ, కొంచెం త్వరగా అని ఇంగ్లీషులో చెప్పాను.

ఆవిడ నన్ను కిందనించి పైదాకా చూసింది.

"తొందరేటి?" అంది.

నేను ఫోను దించేశాను. ఆ మాటా, ఆ సాగదీతా అచ్చం మా నాయనమ్మవి. నాయనమ్మ పోయి పన్నెండేళ్ళయింది. సముద్రం దాటొచ్చి, పామాయిల్ తోట పక్కన, మగ చొక్కా వేసుకున్న ఒక మనిషి నోట్లోంచి ఆ గొంతు వినపడింది నాకు. అవునండీ కొంచెం తొందరే అన్నాను.

"తొందరైతే పెద్ద రోడ్డు మీదికెల్లు. గ్యాసు కొట్టున్నాది. నా నిప్పింకా తొంగున్నాది."

తొంగోవడమంటే పడుకోవడమని మా వైపు వాళ్ళకి చెప్పక్కర్లేదు. చూద్దును కదా, కుంపటి మీద రేకు మూత ఉంది, మూత కింద బూడిద కుప్ప తప్ప ఇంకేం లేదు. ఆవిడ అట్లకాడ కొసతో బూడిద పక్కకి లాగింది. లోపల నాలుగు కణికలు ఎర్రగా కళ్ళు తెరిచాయి. బేరం లేనప్పుడు నిప్పు మీద బూడిద కప్పి మూత పెడితే రెండు మూడు గంటలైనా ఆరదు, బొగ్గు వృథా కాదు. మనిషొచ్చినప్పుడు లేపుకోవచ్చు. నేను ఉండిపోయాను. ఆ రోజు వెళ్ళాల్సిన మీటింగు ఏమైందో నాకిప్పుడు గుర్తు లేదు.

ఆవిడ నిప్పు లేపడం ఒక తంతు. కణికల మీద ముందు మడచెట్ల బొగ్గు మూడు ముక్కలు పేర్చేది, అది నిలకడ మనిషిలాంటిదట, మెల్లగా అంటుకుని ఎక్కువసేపుంటుంది. దాని పైన గుప్పెడు కొబ్బరిచిప్పల బొగ్గు. అది పుట్టింటి బొగ్గు. పెరాక్ రాష్ట్రంలో సముద్రం పక్కన బాగన్ దాతుక్‌లో కొబ్బరితోటల మధ్య పుట్టింది ఆవిడ, అక్కడ ఉన్న కూతురు నెలకో బస్తా పంపేది. ఆ తర్వాత బిస్కెట్ డబ్బా మూత చేత్తో పట్టుకుని విసిరేది. కాపలాకీ అదే మూత, విసనకర్రకీ అదే మూత. విసురుతూ నిప్పుతో మాట్లాడేది. "లెగమ్మా, ఎండెక్కిపోనాది, లెగు" అని బుజ్జగించేది. అంటుకోకపోతే "ఏటలా ముక్కుతావు, కూలికొచ్చినావేటి" అని దులిపేసేది. చిటపటమని రవ్వలు లేస్తే అది బదులు చెప్పినట్టు తల ఊపేది.

అదంతా అయి మూకుడు పొగలు కక్కేసరికి పావుగంట, ఇరవై నిమిషాలు. ఆ తర్వాత పని మూడు నిమిషాలు. నూనె, మిరపముద్ద, ఉడికిన బంగాళదుంప ముక్కలు, వేయించిన సోయా ముక్కలు, ఆకుకూర, నూడుల్సు. అంచు చుట్టూ చింతపండు నీళ్ళు చల్లేది, జుయ్యిమని ఆవిరి లేచేది, ఆ ఆవిరిని అరచేత్తో ముక్కు వైపు లాక్కుని చూసేది. రుచి చూడగా నేనెప్పుడూ చూడలేదు. గుడ్డు చివర్న. ఎంతమంది నిలబడ్డా మూకుట్లో ఒక్క పళ్ళానికి సరిపడానే వేసేది. రెండు పళ్ళాలు ఒకేసారి వేస్తే నిప్పు ఎవరి వైపు చూడాలో తెలీక తికమక పడుతుందని ఆవిడ లెక్క. సాయంత్రం మొదటి మూకుడులోంచి ఒక్క నూడుల్ తీసి నిప్పులో వేసేది. నిప్పుకి పెట్టకుండా మనం తినకూడదనేది.

పళ్ళెం చేతికిచ్చాక గిరుక్కున వెనక్కి తిరిగిపోయేది. మొదట్లో అది విసుగనుకున్నాను. కాదు. తినేవాళ్ళ నోటి వైపు చూస్తే దిష్టి తగులుతుందని. వీపు మనకి పెట్టి, ఏదో గిన్నె సర్దుతున్నట్టు నటిస్తూ, మొదటి ముద్ద నోట్లోకి వెళ్ళే టైముకి సరిగ్గా అడిగేది.

"పొగ తగిలిందేటి?"

బాగుందా అని ఎప్పుడూ అడగలేదు. ఉప్పూ కారం సరిపోయాయా అని కూడా అడగలేదు. పొగ తగిలిందా లేదా, అంతే. తగిలేది. తీపీ పులుపూ కారమూ అన్నీ ముందు వరసలో కూర్చుని హడావుడి చేస్తుంటే, వాటి వెనక, నిప్పుల్లో కాల్చిన వంకాయ తొక్క తీస్తున్నప్పుడు వచ్చే వాసన ఒకటి నాలిక చివరికి తగిలి ముక్కులోకి వెళ్ళేది. తగిలింది పెద్దమ్మా అంటే, అప్పుడు ఇటు తిరిగేది.

నేను ఏడాది పైన ప్రతి వారమూ వెళ్ళాను. నూడుల్సు కోసమని నాకు నేను చెప్పుకున్నాను గానీ ఆ ఇరవై నిమిషాల కోసం కూడా వెళ్ళాను. నిప్పు లేచేదాకా మాట్లాడుకునేవాళ్ళం. ఆవిడ బేరగాళ్ళతో అరవం, టీ కొట్టాయనతో మలయ్ మాట్లాడేది. తెలుగు మాత్రం ఎవరితోనూ లేదు. పిల్లలకి అర్థమవుతుందట గానీ నోరు తిరగదట. "ఇంట్లో నాను తెలుగులో అడిగితే పిల్లలు అరవంలో సెప్తారు. ఈ నిప్పొక్కటే ఏటి మాటాడినా ఇంటాది లా" అంది ఒకసారి, ఈ దేశం వాళ్ళలా మాట చివర లా తగిలించి, ఏడవకుండా, మామూలుగా, బొగ్గు ఏరుకుంటూ. నేను దొరికాక ఆ నిప్పుకి కాస్త విశ్రాంతి దొరికింది. వాళ్ళ తాత విశాఖపట్నం పక్కన ఎక్కడో ఓడెక్కాడని, ఆ ఊరి పేరు వాళ్ళ నాన్నకి తెలుసుననీ తను అడగలేదనీ చెప్పేది. మీ వైపు దీన్నేమంటారు, దాన్నేమంటారు అని నన్నడిగేది. కుంపటి అంటే మేమూ కుంపటే అంటామని చెబితే ఆ పూటంతా సంతోషంగా ఉంది.

నా తెలుగు మీద మాత్రం ఆవిడకి గురి లేదు. టీవీలో వార్తలు సదివినట్టు మాటాడతావు అనేది. నిజమే. హైదరాబాద్ హాస్టల్లో నా 'ఏటి'ని పట్టుకుని ఒక ఏడాది నవ్వారు. నేను ఆరు నెలల్లో దాన్ని నోట్లోంచి తోమి పారేశాను. ఆవిడ యాసలో అడుగుతుంటే నేను పుస్తకంలో ఉన్నట్టు బదులిచ్చేదాన్ని. మీరు మీరు అంటుంటే ఒకరోజు, మీరు గీరు అనకు గుంటా, నానేటి తాసిల్దార్నా అంది. నువ్వు అనడం నేర్చుకున్నాను. ఏటి మాత్రం నోటికి రాలేదు, లోపల ఎక్కడో ఉండి కూడా రాలేదు.

ఒక వానరోజు చెప్పాలి. ఇక్కడి వాన సంగతి తెలిసిందే, ముందు చెప్పదు. నేను వెళ్ళేసరికి రేకుల సందుల్లోంచి ధారలు కారుతున్నాయి. ఆవిడ నడివానలో గొడుగు వేసుకుని కూర్చుందనుకున్నాను. దగ్గరికెళ్ళి చూస్తే గొడుగు కుంపటి మీద ఉంది, ఆవిడ బయట ఉంది. నైటీ, చొక్కా, తువ్వాలు అన్నీ తడిసి ముద్దయ్యాయి. నేను నా గొడుగు తీసి ఆవిడ మీద పట్టాను. ఇలా గొడుగుల మీద గొడుగులుగా ఉన్నాం. జ్వరం రాదా పెద్దమ్మా అని కోప్పడితే నన్నే వింతగా చూసింది.

"నాను తడిస్తే తుడుసుకుంటాను. ఇది తడిస్తే సచ్చిపోతాది."

ఇంత జరిగాక కూడా నేను చేసిన పని చూడండి.

మనకొక జబ్బుంది. మంచి చోటు దొరికితే నలుగురికీ చెప్పాలి. ఆవిడ విసురుతున్నప్పుడు, రవ్వలు లేస్తుండగా వీడియో తీసి, మా తెలుగువాళ్ళ వాట్సాప్ గుంపులో పెట్టాను. మన తెలుగు పెద్దమ్మ, మన బొగ్గుల కుంపటి అని నాలుగు ముక్కలు రాశాను కూడా. ఆ ఆదివారానికి మట్టిరోడ్డు నిండా కార్లు. పిల్లలూ పెద్దలూ, సెల్ఫీలు. గుడ్డు లేకుండా ఇద్దరికి, ఉల్లిపాయ లేకుండా ముగ్గురికి, పిల్లలకి అసలు కారం లేకుండా. ఆవిడ ఒక్కొక్కరినీ తొందరేటి అని అడుగుతోంది, వాళ్ళందరూ అవునంటున్నారు, ఎవరూ కదలడం లేదు. ఒక్కో పళ్ళెం చొప్పున వేయిస్తుంటే చివరి కుటుంబానికి రెండు గంటలు పట్టింది. వాళ్ళు గుంపులో రుచి గురించి ఒక వాక్యం, ఆలస్యం గురించి ఎనిమిది వాక్యాలు రాశారు. రెండు నెలలు ప్రతి ఆదివారమూ ఇదే. ఆవిడ కుడిభుజం పట్టేసింది, మూత ఎడమచేత్తో విసరడం మొదలుపెట్టింది.

అప్పుడు నాకు జాలేసింది. జాలేస్తే ఊరుకోను కదా. గుంపులో నలుగురినీ కూడగట్టి, ఉగాదికి ఆవిడకి పెద్ద గ్యాసు పొయ్యి తీసుకెళ్ళి ఇచ్చాం. ఫోటో దిగాం. ఆవిడ దానికి కుంకుమబొట్టు పెట్టి, ఒకసారి ముట్టించి చూసి, మంచిదే అంది. నీలంమంట గాలికి కదలకుండా నిలబడి ఉంది. దాంతో మాట్లాడ్డానికేమీ లేదు.

కొన్నాళ్ళు రెండూ నడిచాయి. ఆదివారం జనానికి గ్యాసు, మిగతా రోజుల్లో వచ్చే పాత బేరగాళ్ళకి కుంపటి. నాకు ఏ రోజైనా కుంపటే. తర్వాత జనం సద్దుమణిగారు, ఇంకెక్కడో బిర్యానీ దొరికిందని అటు పోయారు. గ్యాసు పొయ్యి ఉండిపోయింది.

ఆ రోజు గురువారం. మా ప్రాజెక్టు విడుదలయ్యే వారం, నాకు అరగంటలో ఫోను మాట్లాడాల్సిన పనుంది, మధ్యాహ్నం తిండి లేదు. నేను కారు దిగేసరికి ఆవిడ నన్ను చూసి మూత తీసింది. బూడిద లాగి, బొగ్గు పేర్చడానికి వంగింది. భుజం నొప్పికి పళ్ళు బిగించడం కనిపించింది. నాకు ఆకలీ ఉంది, తొందరా ఉంది, జాలీ ఉంది. ఈ మూడూ కలిసి నా నోట్లోంచి ఒక మాటగా వచ్చాయి.

"గ్యాసు మీదే చేసెయ్ పెద్దమ్మా. ఏం తేడా ఉంటుంది?"

ఆవిడ చేతిలో బొగ్గుముక్క ఉంది. దాన్ని చూసింది, సంచిలో వేసేసింది. మూత మళ్ళీ పెట్టింది. గ్యాసు ముట్టించి నాలుగు నిమిషాల్లో పళ్ళెం నా చేతిలో పెట్టి వెనక్కి తిరిగింది. నేను మొదటి ముద్ద తిన్నాను. ఆవిడ ఏమీ అడగలేదు. ఆవిడ చిన్నబుచ్చుకోకూడదని, బాగుంది పెద్దమ్మా, తేడా ఏం తెలియట్లేదు అన్నాను. ఓదార్పు అనుకునే అన్నాను.

"తేడా నేదా?" అంది వీపుతోనే. గిన్నె ఒకటి పక్కకి జరిపి, "మంచిదే" అంది.

ఆ తర్వాత నేనెప్పుడెళ్ళినా కుంపటి మీద మూతే ఉంది. గ్యాసు మీదే చేస్తోంది అందరికీ. మానేసింది కాబోలు, వయసైపోయింది, భుజం కూడా బాగా లేదు, ఇదే మంచిది అనుకున్నాను. ఆవిడ మాత్రం నేను కారు దిగగానే, ఇంకెవరినీ అడక్కుండా నన్నొక్కదాన్నే అడిగేది, తొందరేటి అని. నేను అవును పెద్దమ్మా, కొంచెం తొందరే అనేదాన్ని.

తొందరేం లేదు. ఇది ఒప్పుకోవాలి. ఎన్నో వారాలు నాకు ఏ తొందరా లేదు, ఇంటికెళ్ళి చేసేదేమీ లేదు. తొందర లేదంటే పాపం కుంపటి ముట్టిస్తుందేమో, మళ్ళీ ఆ భుజంతో విసరాలేమో అని మొహమాటం. ఆవిడకి శ్రమ తప్పిస్తున్నాననుకున్నాను. మా వైపు మనుషులం అంతే. ఎదుటివాళ్ళ మంచి కోరి అబద్ధమాడతాం, వాళ్ళు మన మంచి కోరి ఆ అబద్ధాన్ని నమ్ముతారు. నా పళ్ళెం నాలుగు నిమిషాల్లో వచ్చేది, ఆరు నిమిషాల్లో అయిపోయేది. మాటలకి చోటెక్కడ? ఆ ఇరవై నిమిషాలు ఆవిడకెంత అవసరమో నాకు తెలియనిది కాదు, ఆవిడే చెప్పింది. అయినా నాకు నా దయే ముఖ్యమైంది.

ఒకసారి పళ్ళెం అందుకోవడానికి చేతిసంచి అడ్డమై, దాన్ని కుంపటి మూత మీద పెట్టాను. అక్కడెట్టకు గుంటా, సంచి కాలిపోతాది అంది. తీసి చూస్తే అడుగు వెచ్చగా ఉంది. పక్కన గ్యాసు పొయ్యి సెగ తగిలిందనుకున్నాను. సంచి ఒళ్ళో పెట్టుకుని తినేసి, చెయ్యి కడుక్కుని వెళ్ళిపోయాను. ఆవిడ నావైపు చూస్తున్నట్టు కారు అద్దంలో కనిపించింది. చెయ్యి ఊపాను.

అదే చివరిసారి.

నాన్నకి ఆపరేషనని విజయనగరం వెళ్ళి రెండు నెలలు అక్కణ్ణించే పనిచేశాను. తిరిగొచ్చిన వారమే మట్టిరోడ్డు పట్టాను. ఈసారి ఏమైనా సరే బొగ్గుల మీదే చెయ్యమంటాను, నేనే విసురుతాను అని దారంతా అనుకున్నాను. నాయనమ్మ ఫోటో ఒకటి ఆవిడకి చూపిద్దామని తెచ్చాను. టీ కొట్టు ఉంది. ఆవిడ కొట్టు మీద నీలంరంగు పట్టా కప్పి తాళ్ళతో కట్టేసి ఉంది.

టీ కొట్టు మలయ్ ఆయన నన్ను చూసి నిమ్మరసం గ్లాసు పక్కన పెట్టి వచ్చాడు. నాకొచ్చిన మలయ్‌కి సరిపడా మెల్లగా చెప్పాడు. ఆవిడకి ఒంట్లో బాగోలేక కూతురు వచ్చి బాగన్ దాతుక్ తీసుకెళ్ళిందట. మూడు వారాలకే పోయిందట. ఇరవై రెండేళ్ళు ఇద్దరూ పక్కపక్కన కొట్లు నడిపారు. ఆయన కళ్ళజోడు తీసి తుడుచుకున్నాడు, మళ్ళీ పెట్టుకున్నాడు. నేను, గ్యాసు పొయ్యి వచ్చాక పాపం ఆవిడకి కాస్త సుఖంగా ఉండేది కదా అన్నాను.

ఆయన నన్ను అదోలా చూశాడు.

"నువ్వెప్పుడైనా ఆ మూత తీసి చూశావా?" అని అడిగాడు.

లేదన్నాను.

అప్పుడు చెప్పాడు. ఆవిడ బొగ్గు మానలేదట. రోజూ నాలుగింటికి వచ్చి, కుంపటి ముట్టించి, కణికలు ఎర్రబడ్డాక బూడిద కప్పి మూత పెట్టేదట. వంటంతా గ్యాసు మీదే చేసేది. చీకటి పడుతూ మసీదులో బాంగు, అంటే నమాజు పిలుపు, వినపడ్డాక మూత తీసి, నీళ్ళు చల్లి, ఇంటికెళ్ళేది. వంట చెయ్యని నిప్పుకి ఇంత బొగ్గెందుకు దండగ అని ఆయన ఒకసారి అడిగాడట. నేను ఏ రోజు వస్తానో తనకి తెలీదుగా అందట. "మా దేశం పిల్ల ఒకతి వస్తుంది, దానికి ఎప్పుడూ తొందరే. ఏదో ఒకరోజు తొందర లేకుండా వస్తుంది" అందట. నా కారు వెళ్ళిపోయాక మూత తీసి, బూడిద సర్ది, మళ్ళీ పెట్టేదని కూడా చెప్పాడు. అది చెప్పకుండా ఉంటే బాగుండేది.

నివురుగప్పిన నిప్పు అన్న మాట చదువుకోని తెలుగువాళ్ళుండరు. నేను దాన్ని సొంతవాక్యంలో రాసి మార్కులు తెచ్చుకున్నదాన్ని. మూత ఉందంటే నిప్పు ఆరిపోయినట్టు కాదని మొట్టమొదటి రోజే ఆవిడ అట్లకాడతో బూడిద లాగి మరీ చూపించింది. సంచి అడుగున వేడి నా అరచేతికి తగిలింది. ఇంకెలా చెప్పాలి ఒక మనిషికి? ఆవిడ చెప్పినవన్నీ నేను విన్నాను, తల ఊపాను, కారెక్కి వెళ్ళిపోయాను.

ఆయన తన బల్ల కిందినించి కుంపటీ మూతా తీసి నా ముందు పెట్టాడు. కూతురు మూకుడూ గ్యాసు పొయ్యీ తీసుకెళ్ళి, ఇది పగిలిందిలే అని వదిలేసిందట. అడుగున సగం సంచి కొబ్బరిచిప్పల బొగ్గు కూడా ఉంది.

అప్పటినించీ ప్రతి శనివారం నేను బాల్కనీలో చేస్తున్నది ఇదే. నాకు చేతకాదు. నూడుల్సు కిందవి మాడతాయి, పైవి తెల్లగా ఉండిపోతాయి. పొగ నా కళ్ళకి తగులుతుంది, పక్కింటి దుప్పట్లకి తగులుతుంది, పళ్ళానికి మాత్రం తగలదు. మా ఆఫీసు వాళ్ళు రుచి చూసి చాలా బాగుందన్నారు. అబద్ధమని నాకు తెలుసు, మా వాళ్ళు కదా.

ఈ శనివారం ఆఖరిది. పొద్దున్నే బాల్కనీలోంచి పక్కింటావిడని పిలిచి, ఇవాళ్టితో ఆపేస్తానని చెప్పాను. ఆవిడ నన్నొకసారి, నా వెనక కనిపిస్తున్న కుంపటినొకసారి చూసి, సరేనని వెళ్ళి దుప్పట్లు లోపలికి తీసుకుంది.

నాలుగింటికి ముట్టించాను. మిగిలిన బొగ్గంతా వేసేశాను. కణికలు ఎర్రబడ్డాక బూడిద కప్పి, మూత పెట్టి, కుర్చీ వేసుకుని కూర్చున్నాను. ఫోను లోపల వదిలేశాను. ఆవిడ రోజూ ఎంతసేపు చూసేదో అంతసేపు కూర్చోవాలని. అది చాలా సేపు. ఐదైంది, ఆరైంది. కింద కార్లు వస్తూ పోతూ ఉన్నాయి. మలుపు తిరిగే ప్రతి కారునీ చూడ్డం మొదలుపెట్టానని నాకు కాసేపటికి గానీ తెలియలేదు. ఎనిమిది నెలలు ఆవిడ ఇలాగే చూసింది, నా కారు కోసం. వచ్చిన ప్రతిసారీ నేను అవును తొందరే అన్నాను.

ఏడున్నరకి మసీదులో బాంగు మొదలైంది. మూత తీసి, అట్లకాడ కొసతో బూడిద పక్కకి లాగాను. మూడున్నర గంటల తర్వాత కూడా నిప్పు ఎర్రగానే ఉంది. నానబెట్టిన నూడుల్సులోంచి ఒకటి తీసి దాని మీద వేశాను. చిటపటమంది. ఆవిడ అడిగినట్టే వినిపించింది. నేను ఇరవై ఏళ్ళుగా మాట్లాడని, మా నాయనమ్మ మాట్లాడిన తెలుగులో బదులు చెప్పాను.

"తొందర నేదు పెద్దమ్మా. ఏటీ తొందర నేదు."